మన కెరీర్ ఎవరికి అంకితం?



ఈ వారం వీడియోలో బమ్మెర పోతన గారి గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో వదిలేసిన ఒక మాట ఇక్కడ రాస్తున్నాను. మన వ్యూయర్స్‌లో చాలామంది నాలాగే సాఫ్ట్‌వేర్ వాళ్లు. పెద్ద మల్టీనేషనల్ కంపెనీలో చేరి, అందులోనే ఎదుగుతూ, ఆ కంపెనీ ద్వారానే విదేశాలకు వెళ్లాలని ఆశ ఉంటుంది. ఆ ఆశ తప్పా? అమ్మానాన్నల్ని వదిలి వెళ్లడం అధర్మమా?

నాకైతే ప్రశ్న అది కాదనిపిస్తుంది. వెళ్లాలా ఉండాలా అన్నది తర్వాత. ఈ కెరీర్ ఎవరికి అంకితం అన్నది ముందు తేలాలి.

మా జఫర్‌గఢ్ ఉన్న జనగామ జిల్లాలోనే బమ్మెర కూడా ఉంది. భాగవతాన్ని తనకు అంకితం ఇమ్మని రాచకొండ రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు అడిగితే పోతన గారు ఒప్పుకోలేదని, శ్రీరాముడికే ఇచ్చారని మనకు తెలిసిన కథ. కానీ అంతకుముందు అదే రాజు కోసం భోగినీ దండకం రాసింది కూడా ఆయనే అంటారు. దీంట్లో నాకు కనిపించేది ఒకటే. రాజు కోసం ఒక పని చేసిపెట్టడం వేరు, జీవితమంతటి పనిని రాజు పేరు మీద రాసేయడం వేరు.

మన కాలంలో రాజు స్థానంలో కంపెనీ ఉంది. ఒక ఉదాహరణ చూడండి. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల గారు 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఆయనకు గ్రీన్ కార్డు కూడా వచ్చింది. పెళ్లయ్యాక అదే కార్డు అడ్డమైంది. అప్పట్లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్య అమెరికా రావాలంటే ఏళ్లు ఆగాల్సి వచ్చేది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల భార్య మాత్రం అలా ఆగకుండానే రాగలిగేది. 1994లో ఆయన ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి వెళ్లి గ్రీన్ కార్డు వెనక్కిచ్చి, హెచ్-1బీ తీసుకున్నారు. లోకం పైకి అనుకునే మెట్టు నుంచి కింది మెట్టుకు తానే దిగారు. ఉద్యోగం వదల్లేదు, భార్యనూ వదల్లేదు, కార్డు వదిలారు. 2014లో అదే కంపెనీకి సీఈఓ అయ్యారు. కార్డు వదిలినందుకే సీఈఓ అయ్యారని నేను చెప్పట్లేదు. కాకపోయినా ఆ నిర్ణయం సరైనదే. ఎవరి అంకితం ఎటో వాళ్లు చెప్పే మాటల్లో తెలియదు, అవసరం వచ్చినప్పుడు ఏది వదులుతారో అందులో తెలుస్తుంది.

ఇంకో లెక్క ఉంది. నాదెళ్ల గారికి సీఈఓ కావడానికి 22 ఏళ్లు పట్టింది. పశ్చిమ గోదావరిలో పుట్టిన అరవింద్ కృష్ణ గారు 1990లో ఐబీఎంలో చేరి, 2020లో సీఈఓ అయ్యారు. ముప్పై ఏళ్లు! మనం వాళ్ల ఓపిక చూసి స్ఫూర్తి పొందుతాం, మంచిదే. కానీ మనం ఆ మెట్లు ఎక్కే ఏళ్లన్నీ ఇంటి దగ్గర అమ్మానాన్నల వయసులో కూడా కలుస్తాయి.

కంపెనీ వైపు నుంచి కూడా చూడండి. ఇండియా ఆఫీసులో వరుసగా ఏడాది పనిచేస్తే ఎల్-1 వీసా మీద అమెరికా ఆఫీసుకు పంపే వీలుంది. మేనేజర్ అయినా, ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్లయినా అర్హులే. మేనేజర్లకు గరిష్ఠంగా ఏడేళ్లు, నైపుణ్యం వాళ్లకు ఐదేళ్లు. మంచి దారి. కానీ ఆ వీసా ఆ కంపెనీతో ముడిపడి ఉంటుంది. అక్కడ ఉద్యోగం పోతే, మామూలుగా దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఇది కంపెనీని తిట్టడం కాదండీ. అది ఒప్పందం ప్రకారం నడుస్తుంది, మనమూ ఒప్పందం ప్రకారం నిజాయితీగా పనిచేద్దాం. కానీ ఒప్పందాన్ని అంకితం అనుకోవద్దు.

ఇప్పుడు నా సంగతి. టీమ్‌లో ట్రాన్స్‌ఫర్ అవకాశం వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి, "మీ కోసమే పోదామనుకుంటున్న బాపూ" అన్నాను. బాపు కాసేపు ఆగి, "పోతే పో బిడ్డా, మంచిదే. గని మా కోసం పోతున్ననని మాత్రం చెప్పకు. మేము అడగలే కదా" అన్నాడు.

ఆ మాట నన్ను వదలట్లేదు. మనలో ఎంతమందిమి ఆశ మనదై ఉండి, అంకితం పేజీలో మాత్రం అమ్మానాన్నల పేరు రాస్తున్నాం? నిజంగా ఇంటి అప్పు తీర్చడానికో, చెల్లి చదువు కోసమో వెళ్లేవాళ్లున్నారు. వాళ్లకు చేతులెత్తి దండం. వాళ్ల అంకితం నిజమైనది. నాకు నేర్చుకోవాలని, పెద్ద పని చేయాలని ఉంటే ఆ మాటే చెప్పాలి. అందులో పాపం లేదు. ఇంట్లోవాళ్ల పేరు అడ్డం పెట్టుకోవడంలోనే అసత్యం ఉంది.

నిష్కామ కర్మ అంటే ప్రమోషన్ వద్దనడం కాదు. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుణ్ణి యుద్ధం మానెయ్యమనలేదు, ఫలం మీద కట్టుబడి ఉండొద్దన్నాడు. కట్టుబడ్డామో లేదో తెలుసుకోవడానికి నేనొక పని మొదలుపెట్టాను, మీరూ చేసి చూడండి. ట్రాన్స్‌ఫర్‌కు ఔను అనే ముందు, ఏం జరిగితే దీన్ని వదిలి వచ్చేస్తానో ఒక కాగితం మీద రాసుకోవాలి. బాపుకు బాగోకపోతేనా? అమ్మ ఒంటరిదైతేనా? పూజగదిలో దేవుడి ముందు కూర్చుని రాయాలి, అక్కడ అబద్ధం రాయడం కష్టం. ఏమీ తోచక కాగితం ఖాళీగా ఉండిపోతే మన అంకితం అప్పటికే కంపెనీకి వెళ్లిపోయిందన్నమాట.

నా కాగితం మీద ఇప్పటికి రెండు లైన్లు ఉన్నాయి. మేనేజర్‌కు ఇంకా జవాబు చెప్పలేదు. ముందు ఆ రెండు లైన్లు బాపుకు చదివి వినిపించాలి.

మీ కాగితం మీద ఏముందో ఆలోచించండి. వచ్చే వారం వీడియోలో కలుద్దాం. జై శ్రీరామ్.