పిలిచే హక్కు

రాత్రి పది దాటితే మొగుడంపల్లిలో గుడి మైకు ఆగాలి, మసీదు మైకూ ఆగాలి. ఇది ఊరి పెద్దలు పెట్టిన కట్టుబాటు కాదు, దేశమంతటికీ ఉన్న చట్టం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెప్పాయి. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా నిలబెట్టింది. పండుగలకు ఏడాదిలో కొద్ది రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అంతే. పిలిచేది దేవుడి పేరు మీదనే అయినా, వినకుండా నిద్రపోయే హక్కు మనిషికి ఉందని ఈ దేశం తేల్చుకుంది.

అదే ఊళ్లో దిండు పక్కనున్న ఫోన్‌కు మాత్రం ఆ పట్టింపు లేదు. వ్యాపార కాల్స్‌కూ, ఎస్ఎంఎస్‌లకూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలున్నాయి. 1909 నంబరుకు చెప్పి ఆపించుకోవచ్చు. యాప్‌లు పంపే నోటిఫికేషన్లు వాటి కిందికి రావు. అప్పు తీసుకోమనే యాప్, ఆట సగంలో వదిలేశారని గుర్తుచేసే యాప్, బట్టల మీద తగ్గింపు ఉందనే యాప్ ఏ జామునైనా పలకరించవచ్చు. పైకి ఇది ఫోన్ సెట్టింగుల సంగతిలా కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది ధర్మసందేహమే. ఒకరి ధ్యాసను తన వైపు తిప్పుకునే హక్కు ఎవరికి ఉంది? పిలిచినందుకు పిలిచినవాడు ఏ బాధ్యత మోయాలి?

సెల్‌ఫోన్‌తో పుట్టిన ప్రశ్న కాదిది. మదీనాలో తొలి ముస్లింలు నమాజుకు జనాన్ని ఎలా పిలవాలని కూర్చుని చర్చించుకున్నారని హదీసులు చెబుతాయి. బూర ఊదుదామని ఒకరు, గంట కొడదామని ఒకరు, మంట వెలిగిద్దామని ఒకరు అన్నారు. చివరికి అన్నీ పక్కనపెట్టి మనిషి గొంతునే ఎంచుకున్నారు. బానిసత్వం నుంచి విముక్తి పొందిన బిలాల్ గొంతు అది. పిలవడమంటే ముందుగా ఆలోచించాల్సిన పని అని పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఒక సమాజానికి తోచింది.

2016 అక్టోబరులో జహీరాబాద్ నుంచి విడివడి మండలమైన మొగుడంపల్లి కర్ణాటక సరిహద్దున ఉంటుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ, తండాల్లో లంబాడీ భాష కలగలిసి వినిపించే నేల. దగ్గర్లోనే ఝరాసంగం కేతకీ సంగమేశ్వర క్షేత్రం. గుడి గంటలో ఒక విశేషం ఉంది. దాన్ని భక్తుడే మోగిస్తాడు. పిలుపు దేవుడి నుంచి మనిషికి కాదు, మనిషి నుంచి దేవుడికి వెళుతుంది. పాత మెదక్ జిల్లాకే చెందిన, 1924లో పూర్తయిన మెదక్ చర్చి గంట దారి వేరు, అది ఊరిని పిలుస్తుంది. నమాజు పిలుపైన అజాన్, గుడి గంట, చర్చి గంట మూడింటికీ కలిసే గుణాలు కొన్ని ఉన్నాయి. మోగించేది ఎవరో అందరికీ తెలుసు. అందరికీ ఒకే పిలుపు వినిపిస్తుంది. కాసేపు మోగి ఆగిపోతుంది.

నోటిఫికేషన్‌లో ఈ గుణాలేవీ లేవు.

చేనులో అల్లం తవ్వుతున్న మనిషి జేబులో ఫోన్ టింగుమన్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఆయన ఫోన్ చడీచప్పుడు లేకుండా గూగుల్ సర్వర్‌తో ఎప్పుడూ ఒక లైను తెరిచే ఉంచుతుంది. ఎక్కడో ఒక కంపెనీ కంప్యూటర్ ఇప్పుడు పలకరించాలని నిర్ణయిస్తుంది. ఆ ఫోన్‌కు గుర్తుగా ఉన్న టోకెన్‌ను జోడించి రెండు ముక్కల సందేశాన్ని ఆ సర్వర్‌కు అందిస్తుంది. సర్వర్ దాన్ని తెరిచి ఉన్న లైనులోకి నెడుతుంది. తెర వెలుగుతుంది, జేబు అదురుతుంది, పార ఆగుతుంది. ఈ పద్ధతి రాకముందు చాలా యాప్‌లు కొత్త సంగతులేమైనా ఉన్నాయా అని తామే పదేపదే వెళ్లి అడగాల్సి వచ్చేది. బ్యాటరీ ఊరికే కరిగిపోయేది. 2009 జూన్‌లో ఆపిల్ ఈ పుష్ పద్ధతిని ఐఫోన్లలోకి తెచ్చింది, మరుసటి ఏడాది గూగుల్ ఆండ్రాయిడ్‌లోకి తెచ్చింది. బ్యాటరీ మిగిలింది. కానీ ఎప్పుడు మోగాలన్న నిర్ణయం ఫోన్ పట్టుకున్న చేతి నుంచి అవతలి కంపెనీకి బదిలీ అయింది. ఆ బదిలీ మీద జరగాల్సినంత చర్చ మనలో జరగలేదు.

వాట్సాప్ పుట్టుక కూడా ఈ పుష్ పద్ధతిలోనే ఉంది. దాన్ని రూపొందించిన జాన్ కౌమ్ మొదట తయారుచేసింది సందేశాల యాప్ కాదు. 'పనిలో ఉన్నాను', 'జిమ్‌లో ఉన్నాను' లాంటి స్టేటస్ పెట్టుకునే యాప్ అది. పుష్ నోటిఫికేషన్ వచ్చాక స్టేటస్ మార్చినప్పుడల్లా స్నేహితుల ఫోన్లు మోగసాగాయి. జనం స్టేటస్‌లతోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అంటే మోత ముందు వచ్చింది, మాట తర్వాత వచ్చింది.

ధ్యాస గురించి తర్కశాస్త్రం చెప్పిన మాటను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కళ్లు, చెవులు, చర్మం ఒకేసారి పనిచేస్తూనే ఉంటాయి, అయినా జ్ఞానాలు ఒక్కసారిగా పుట్టవు. ఒకదాని వెనకే ఒకటి పుడతాయి. అందుకే ఇంద్రియాలకూ ఆత్మకూ నడుమ మనసు అనేది ఒకటుందని గౌతముడి న్యాయసూత్రాలు వాదించాయి. అది అణువంతదని, ఒక క్షణంలో ఒక్క ఇంద్రియంతోనే కలవగలదని నైయాయికులు తేల్చారు. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ సిద్ధాంతాన్నే పిల్లలకు అర్థమయ్యేలా కుదించి పెట్టాడు. దేశమంతటా తర్కం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. రెండు పనులు ఒకేసారి చేస్తున్నాం కదా అంటే న్యాయ దర్శనం దగ్గర జవాబు ఉంది. కొరివిని గిరగిరా తిప్పితే నిప్పు చక్రం కనిపిస్తుంది, కానీ అక్కడ చక్రం లేదు, వేగంగా తిరిగే ఒక్క కొరివే ఉంది. మనసు కూడా అంతే వేగంగా అటూ ఇటూ పరిగెత్తుతుంది. మీమాంసకుల్లో భాట్టులు దీన్ని ఒప్పుకోలేదు, మనసు అంతటా వ్యాపించి ఉంటుందన్నారు. అయినా ఫోన్ చేతిలో పట్టుకుని బండి నడిపేవాణ్ణి చూస్తే అన్నంభట్టు పక్షమే బలంగా అనిపిస్తుంది.

ఆ పక్షమే నిజమైతే దాని నుంచి తేలేది చిన్న సంగతి కాదు. ధ్యాసలో కాస్త తీసుకోవడం అంటూ ఉండదు. తీసుకున్న క్షణంలో మొత్తం తీసుకున్నట్టే. పాఠం వింటున్న పిల్ల నుంచి, బిడ్డకు పాలిస్తున్న తల్లి నుంచి, జపం చేసుకుంటున్న ముసలాయన నుంచి ఆ క్షణం మొత్తంగా పోతుంది.

నిగ్రహం నేర్చుకోవాలని మన సంప్రదాయాలు చెబుతాయి. పతంజలి ఎనిమిది అంగాల్లో ఐదోది ప్రత్యాహారం, ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి మళ్లించడం. పది రోజుల విపశ్యన శిబిరాల్లో మౌనం పాటించాలి, ఫోన్లు ముందే అప్పగించాలి. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా అవధానం గురించే మాట్లాడాడు. బలవంతంగా ఒకదాని మీద మనసు నిలపడం వేరు, మెలకువగా ఉండటం వేరు అని విడమరిచాడు. ఇవన్నీ విలువైనవే. కానీ అన్నీ వినేవాడి మీదే బరువు పెడతాయి. ఉపాధి హామీ కూలి డబ్బులు పడ్డాయా లేదా అన్నది బ్యాంకు మెసేజ్ చూసుకుంటేనే తెలిసే మనిషి, కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోయే ఓటీపీ కోసం ఎదురుచూసే మనిషి ఫోన్ ఆపుకుని ఎలా కూర్చుంటారు? మోగక తప్పని మోతల మధ్యలోనే అక్కర్లేని మోతలు దూరుతున్నాయి. కూలి మనిషికి నిగ్రహం బోధించే ముందు పిలిచేవాడికి నియమం పెట్టడం న్యాయం.

నియమం పెట్టడం కుదరని పని కాదు. మిస్డ్ కాల్‌ను చూడండి. ఎవరూ డిజైన్ చేయకుండా ఈ దేశపు పేదలు తమంతట తామే అలవాటు చేసుకున్న పద్ధతి అది. ఒక్క రింగుతో 'చేరాను' అని చెప్పడం, అవతలివాడు తీరిక ఉన్నప్పుడే తిరిగి చేయడం. పైసా ఖర్చు లేదు, బలవంతం లేదు. ఇక ప్రభుత్వం 2023లో సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలను పరీక్షించినప్పుడు చాలామంది ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగాయి. టవర్ కింద ఉన్న ప్రతి ఫోన్‌కూ నంబరుతో పని లేకుండా చేరే పిలుపు అది. తుపాను, వరద వంటి ఆపదలకే దాన్ని కేటాయించారు. ఇక్కడ పిలిచేది ఎవరో, ఎందుకో తెలుసు. వ్యాపార యాప్‌ల దగ్గర ఆ లెక్క లేదు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 దాకా, నోటిఫికేషన్లు పంపడానికి యాప్ ముందుగా అనుమతి అడగాల్సిన అవసరమే లేకపోయింది. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే.

పిలుపు సమయం ఒక సంగతైతే, పిలుపులో నిజం మరో సంగతి. దీనికి ఈ ప్రాంతం రక్తంతో మూల్యం చెల్లించింది. 2018 జూలై 13న, జహీరాబాద్‌ను ఆనుకుని ఉన్న బీదర్ జిల్లాలోని ఔరాద్ తాలూకాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితులు దారిలో ఒక ఊరి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని ఎవరో అనుకున్నారు. వాళ్లు కారులో బయటపడ్డారు గానీ, వాట్సాప్ సందేశం కారు కంటే ముందే ముర్కి అనే ఊరికి చేరింది. అక్కడి జనం దారి కాశారు. ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది, మిగతావాళ్లు తీవ్రంగా గాయపడ్డారు. పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ కూడా ఉన్నాడు.

అన్నంభట్టు ఇక్కడా పనికొస్తాడు. ఇతరులు చెప్పిన మాట ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి. ఆప్తుడంటే నిజాన్ని నిజంగా చెప్పేవాడు. ఫార్వర్డ్‌లో జరిగే మోసమంతా ఈ చోటే. తెర మీద కనిపించేది మేనమామ పేరు, లోపల ఉన్నది ముక్కూ మొహం తెలియనివాడి మాట. చెప్పినవాడు ఒకరు, ఆప్తుడిలా కనిపించేది ఇంకొకరు. ఫార్వర్డ్ అయిన సందేశమని గుర్తు వేసే పద్ధతిని వాట్సాప్ ముర్కి ఘటనకు మూడు రోజుల ముందు, జూలై 10న ప్రకటించింది. దేశంలో వరుసగా జరిగిన మూకదాడులు, ప్రభుత్వ ఒత్తిడి తర్వాత అదే నెలలో భారత్‌లో ఫార్వర్డ్‌ను ఐదు చాట్‌లకు పరిమితం చేస్తున్నట్టు ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి చేసింది. వేగం తగ్గింది. ఆప్తుడు ఎవరన్న ప్రశ్నకు జవాబు మాత్రం సాఫ్ట్‌వేర్ దగ్గర లేదు.

ఆ జవాబును 2018లోనే గద్వాలలో మనుషులతో వెతికారు. అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పిల్లల దొంగల వదంతులు ఊళ్లను చుట్టుకున్నప్పుడు ఊరికో పోలీసును కేటాయించారు. డప్పు కళాకారులను వెంటబెట్టుకుని పాటలతో, మాటలతో వదంతులు నమ్మొద్దని చెప్పించారు. ఆమె పరిధిలోని సుమారు 400 ఊళ్లలో ఎవరి ప్రాణమూ పోలేదు. ఊరికి తెలిసిన మొహం ఎదురుగా నిలబడి చెప్పడమే అక్కడ మందుగా పనిచేసింది.

జహీరాబాద్ ప్రాంతానికి ఈ విషయంలో తనదైన అనుభవం ఉంది. మాచునూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ దాన్ని ప్రారంభించారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాని గొంతులు. పొలం పనుల నుంచి ఇళ్లకు చేరే వేళ చూసి సాయంత్రం ఏడు నుంచి ప్రసారాలు పెట్టుకున్నారు. ఏ జొన్న ఏ నేలకు సరిపోతుంది, పాత విత్తనం ఎవరింట్లో ఉంది, ఏ పండుగకు ఏ పాట పాడాలి, అన్నీ జహీరాబాద్ యాసలోనే, చెప్పగలిగిన ఆడవాళ్ల నోటి నుంచే. రేడియో పెట్టుకున్నవాళ్లకే అది వినిపిస్తుంది. లైసెన్సు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలంలో వాళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో కూర్చుని విన్నారు. ఇప్పుడు మొగుడంపల్లి, జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో వాట్సాప్ గ్రూపులు నడిపే యువకులు ఒక సాయంత్రం ఆ స్టేషన్‌కు వెళ్లి కూర్చోవచ్చు. ఒక మాటను గాలిలోకి వదిలే ముందు దాన్ని ఎవరి నోట చెప్పించాలి, ఏ వేళకు చెప్పాలి అనేది ఆ ఆడవాళ్లు క్యాసెట్ల రోజుల నుంచీ చేస్తూ వస్తున్న పనే.