ఒకటికి పక్కనున్న సంఖ్య ఏది?



మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించి బడిలో చేరిన తొలి ఏడు జరిగిన సంగతి ఇది. ఐదవ తరగతికి దశాంశములు చెప్పుచుండగా ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, లెక్కపెట్టేటప్పుడు ఒకటి తరువాత రెండు కదండీ, మరి దశాంశాలలో ఒకటి తరువాత ఏదండీ?" అని అడిగాడు. మేము తడుముకొనక "1.1" అన్నాము. "1.01 ఇంకా ముందు వస్తుంది కదండీ?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. "ఎదురు ప్రశ్నలు వేయకు, కూర్చో" అని గద్దించాము. ఆ ఏడంతా అతడు మరల చెయ్యెత్తలేదు.

అయితే అతని ప్రశ్న సరియైనదే. 1, 1.01 ఈ రెంటిని కూడి సగము చేస్తే 1.005. అది రెంటి నడుమ ఉన్నది. మరల 1తో కూడి సగము చేస్తే 1.0025. ఏ సంఖ్య వచ్చి "నేనే ఒకటికి పక్కవాడిని" అన్నా, నడుమ మరొకటి ఉండనే ఉంటుంది. గనుక వాస్తవ సంఖ్యలలో ఏ రెండును పక్కపక్కన లేవు.

మన హెబ్బగోడిలోనే చూడండి. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గము తెరిచారు. హుస్కూరు రోడ్డు తరువాత హెబ్బగోడి, దాని తరువాత చివరిది బొమ్మసంద్ర. స్టేషన్లు సహజ సంఖ్యల వంటివి, ఒకదాని తరువాత ఒకటి చెప్పవచ్చు. పట్టా మీది బిందువులు అట్లు కావు. ఒక బిందువుకు తరువాతి బిందువు లేదు. అయినను పట్టా ఎక్కడా తెగలేదు, బండి బొమ్మసంద్ర చేరుచున్నది.

పక్కవాడు లేకపోవుట వేరు, ఖాళీ ఉండుట వేరు. అకరణీయ సంఖ్యలకు కూడ పక్కవాడు లేడు, కాని వాటి మధ్య ఖాళీలున్నవి. ఒక మీటరు భుజము గల చతురస్రపు కర్ణమును ఏ భిన్నముతోను సరిగా చెప్పలేము. వాస్తవ సంఖ్యలలో అట్టి ఖాళీ లేదని జర్మనీ గణితజ్ఞుడు డెడెకిండ్ 1872లో వివరించాడు.

"0.999… అని తొమ్మిదులు ఎడతెగక సాగితే అది ఒకటికి పక్కదే కదా?" అని కొందరు అడుగుతారు. పక్కది కాదు, అది ఒకటే. రెండును వేరైతే నడుమ మరొక సంఖ్య ఉండవలెను. అట్టిది లేదు.

అంకెల నుండి నీతి పిండుట మా ఉద్దేశము కాదు. కాని ఈ లెక్క మా తప్పును మాకు చూపింది. మా జవాబు నిజము కాకపోయినా నిజమునకు పక్కనే ఉన్నది, పిల్లలకు అది చాలునని ఆనాడు సరిపెట్టుకున్నాము. పక్కన అనే చోటే లేదు. జవాబు నిజమైనా కావలెను, లేదా దూరమైనా ఉండవలెను. ఆ దూరము ఎంత చిన్నదైనను అందులో సగము తగ్గించుకొనే వీలు ఎప్పుడూ ఉన్నది. "నాకు తెలియదు, రేపు చూచి చెబుతాను" అని ఉంటే ఆ మాటైనా నిజమై ఉండేది. పెద్దరికము అడ్డు వచ్చింది.

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు బడిలో ఇంగ్లీషులో, కన్నడములో నేర్చినవాటిని ఇంటికి వచ్చి తెలుగులో మనలను అడుగుతారు. తెలియనిది తెలియదని చెప్పుదము.

ఆ పిల్లవాడు ఇప్పుడు యాభై దాటి ఉంటాడు. ఈ పుట అతని కంటబడితే, ప్రశ్న సరియైనదని, తప్పు మాదేనని తెలిసికొనునుగాక.