సంతకం లేని వకాల్తా

ఎక్కడో దూరాన ఉన్న మనిషి ఇంకొకరి బిడ్డ తరఫున మాట్లాడవచ్చా? మాట్లాడితే ఆ హక్కు ఎవరిచ్చారు? ప్రశ్న పాతదే. ఇప్పుడది మన బస్తీల్లోకి, మన ఇరుకు గదుల్లోకి వచ్చి కూచుంది.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చాక అంతర్జాతీయ సహాయ సంస్థల్లో ఇంటి నుంచే చేసే ఇంటర్న్‌షిప్‌లు మామూలైపోయాయి. అందులో బాలల ఆరోగ్యం మీద అడ్వొకసీ అని ఒక పని ఉంది. వైద్యం చేయడం కాదు, వైద్యం అందాలని వాదించడం. టీకాలకు డబ్బు తగ్గించొద్దని పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు తయారుచేయడం, పౌష్టికాహారం మీద రెండు పేజీల నోటు రాయడం, సంతకాల సేకరణకు పిలుపులు రాయడం. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది - వకాల్తా పుచ్చుకోవడం. అరబ్బీ నుంచి ఉర్దూకి, ఉర్దూ నుంచి కోర్టు మెట్లెక్కి తెలుగులోకి వచ్చిన మాట.

మన పిల్లలు కూడా ఈ పనిలోకి వస్తున్నారు. డిగ్రీలు చదివిన ముస్లిం ఆడపిల్లలు మరీను. బయటి ఊరికి పంపడానికి ఒప్పుకోని ఇళ్లు కూడా ఇంట్లో కూచుని చేసే పనికి ఒప్పుకుంటాయి. రాత్రి తొమ్మిదింటికి, అక్కడ పగలు గనక, ఈ పిల్ల కంప్యూటరు ముందు కూచుని తాను చూడని దేశంలో, చూడని బిడ్డ గురించి రాస్తుంది. చాలాచోట్ల జీతం ఉండదు. 2015లో జెనీవాలో ఐక్యరాజ్యసమితిలో జీతం లేని ఇంటర్న్‌గా చేరిన ఒక న్యూజీలాండ్ కుర్రాడు గుడారం వేసుకుని ఉంటున్నాడని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఇంటి నుంచి చేసే పని వచ్చాక గుడారం అవసరం తప్పింది. కానీ ఆరు నెలలు జీతం లేకుండా గడుపుకోగలిగిన ఇంటి పిల్లలే ఆకలి గురించి రాయగలరన్న సంగతి మాత్రం మారలేదు. పంక్చరు షాపు నడుపుకునే సాబ్ కూతురికి ఆకలి గురించి ఎక్కువ తెలుసు. రాసే తీరిక ఆమెకు లేదు.

ఇదీ నేపథ్యం. ఇక వకాల్తా సంగతికి వద్దాం.

కోర్టులో వకీలు కేసు పట్టాలంటే వకాలత్‌నామా మీద కక్షిదారు సంతకం కావాలి. చదువు రానివాళ్లయితే వేలిముద్ర. పది నెలల బిడ్డ ఏ వేలిముద్ర వేస్తుంది? 1989లో వచ్చిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ మాట వినాలంటుంది. 1992లో మన దేశం కూడా ఆ ఒడంబడికలో చేరింది. మాట రాని బిడ్డ తరఫున అమ్మ మాట్లాడాలి. మరి ఆ అమ్మని ఎవరు అడిగారు?

ఇది ఉబుసుపోని తర్కం కాదని మన ఖమ్మం జిల్లాకు తెలుసు. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయించాయి. గర్భాశయ ముఖద్వార కేన్సరు రాకుండా కాపాడే టీకా అది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. టీకా మంచిదే. అయినా 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేయాల్సి వచ్చింది. అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. చేసిన పని మంచిదైనంత మాత్రాన ఇంకొకరి సంతకం మనం పెట్టే హక్కు రాదు. పెడితే ఆ మంచి పని మీదే జనానికి నమ్మకం పోతుంది.

అయితే సంతకం లేదు గనక దూరంగా ఉన్నవాళ్లు నోరు మూసుకోవాలా? అలా అంటే చరిత్రలో ఎన్నో మంచి గొంతులు లేచేవే కావు. 1919లో లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఎగ్లాంటైన్ జెబ్ అనే ఇంగ్లీషు ఆమె ఆస్ట్రియాలో ఆకలికి ఎండిపోయిన పిల్లల బొమ్మలున్న కరపత్రాలు పంచింది. యుద్ధం ఆగినా ఓడిన దేశాల మీద దిగ్బంధనం ఎత్తెయ్యలేదు. తన దేశమే శత్రువు పిల్లల్ని ఆకలితో చంపుతోందని ఆమె చెప్పింది. అరెస్టు చేసి 5 పౌండ్లు జరిమానా వేశారు. ఆ ఏడే చెల్లెలు డొరొతీ బక్స్‌టన్‌తో కలిసి సేవ్ ది చిల్డ్రన్ పెట్టింది. ఆస్ట్రియా తల్లులెవరూ ఆమెకు వకాలత్‌నామా రాసివ్వలేదు. కానీ ఆమె మాట్లాడింది తన ప్రభుత్వంతో, తన దేశం చేస్తున్న తప్పు గురించి. ఆ తప్పులో తనకూ భాగం ఉంది గనక మాట్లాడే హక్కూ ఉంది.

ఇవాళ్టి దూరపు ఇంటర్న్‌కి ఇది గీటురాయి కావాలి. నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు? బలవంతుణ్ణి నిలదీస్తున్నావా, లేక బలహీనుడి ఇంటి గుట్టు బలవంతుడికి అమ్ముతున్నావా?

ఇక్కడ మన సంప్రదాయం నుంచి ఒక తేడా గుర్తుచేస్తాను. గవాహీ వేరు, రివాయత్ వేరు. గవాహీ అంటే కళ్లారా చూసినవాడు చెప్పే సాక్ష్యం. రివాయత్ అంటే విన్నదాన్ని చేరవేయడం. రివాయత్ చేసేవాణ్ణి రావీ అంటారు. హదీసు పండితులు రావీని తక్కువ చేయలేదు. కానీ ఒక షరతు పెట్టారు. సనద్ చెప్పాలి. ఫలానావాళ్లు నాకు చెప్పారు, వాళ్లకి ఫలానావాళ్లు చెప్పారు అని గొలుసు మొత్తం విప్పాలి. గొలుసులో ఒక లంకె బలహీనమైతే మాట ఎంత అందంగా ఉన్నా దాన్ని బలహీనమైనదనే అనాలి. బుఖారీ, ముస్లిం లాంటి పండితులు జీవితాలు ధారపోసింది ఈ జల్లెడ పట్టే పనికే.

ఇంట్లో కూచుని రాసే ఇంటర్న్ గవాహ్ కాదు, రావీ. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ రావీ గవాహ్ వేషం వేస్తే అది దగా. చూడని కన్నీళ్లని చూసినట్టు రాయమని అడిగితే రాయకూడదు. ఏ నర్సు చెప్పింది, ఏ సర్వే చెప్పింది, ఏ తల్లి ఏ భాషలో చెప్పింది, ఎవరు అనువదించారు - ఇది చెప్పి తీరాలి. బొమ్మల విషయంలో ఐరోపా స్వచ్ఛంద సంస్థలు 1989లోనే ఒక నియమావళి రాసుకున్నాయి, పేద దేశాల మనుషుల్ని దిక్కులేని బొమ్మలుగా చూపొద్దని. ఇథియోపియా కరువులో ఎముకల గూళ్లని ఊరేగించిన అనుభవంలోంచి వచ్చిన నియమం అది.

సనద్ తెగితే ఏమవుతుందో ఇరాక్ చెబుతుంది. 1990 నుంచి 2003 దాకా ఆ దేశం మీద ఆంక్షలు నడిచాయి. అయిదు లక్షల మంది పిల్లలు చచ్చిపోయారన్న అంకె ప్రపంచమంతా తిరిగింది. 1996 మేలో అమెరికా టీవీలో ఆ అంకె చెప్పి ఇది తగిన వెలేనా అని అడిగితే, తగిన వెలేనని మడలిన్ ఆల్‌బ్రైట్ జవాబిచ్చింది. అప్పుడామె ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి. మనమంతా ఆ అంకెని మన ఉపన్యాసాల్లో, కవిత్వంలో మోశాం. కానీ 2003 తర్వాత జరిగిన సర్వేల్లో అంత పెద్ద చావుల పెరుగుదల కనిపించలేదు. 1999 సర్వే అంకెల్ని సద్దాం ప్రభుత్వం తారుమారు చేసిందని 2017లో బీఎంజే గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన వ్యాసం చెప్పింది.

దీన్నుంచి ఆంక్షలు మంచివని తేలదు. ఐక్యరాజ్యసమితి తరఫున ఇరాక్‌లో మానవతా కార్యక్రమాలు చూసిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో, ఆ ఆంక్షల్ని భరించలేక రాజీనామా చేశారు. వాళ్లు అక్కడుండి చూసినవాళ్లు. వాళ్ల గవాహీ నిలిచే ఉంది. అయిదు లక్షల పిల్లల వెల తగిందేనన్న నోటి క్రూరత్వం కూడా నిలిచే ఉంది. నిలవనిది మన అంకె. బలహీనుడి పక్షాన ఉన్నాం గదా అని జల్లెడ పట్టకుండా మోసిన అంకె రేపు బలవంతుడి చేతికే ఆయుధమవుతుంది. వీళ్లు చెప్పేవన్నీ అబద్ధాలే అనడానికి అతనికి ఒక్క అబద్ధం చాలు.

ఇక మన అసలు గాయం దగ్గరికి వస్తాను. మా చెల్లెలి కూతురు ఇలాంటి ఒక సంస్థలో దూరం నుంచి పనిచేసింది. చేరిన రెండో వారంలో ఆమెకిచ్చిన పని - ముస్లిం తల్లిదండ్రులు టీకాలు ఎందుకు వద్దంటారో మీ సమాజం లోపలినుంచి వివరించండి అని. "మామూ, పిల్లల గురించి రాద్దామని పోతే నన్ను ముసల్మాన్ల గురించి రాయమన్నరు" అంది. తతిమ్మా ఇంటర్న్‌లకు పోషణ, మలేరియా, నీళ్లు వచ్చాయి. ఈమెకు ఈమె పేరే వచ్చింది. సెక్యులర్ మిత్రులు దీన్ని ప్రాతినిధ్యం అంటారు. బోనులో నిలబెట్టి మైకు ఇవ్వడాన్ని ప్రాతినిధ్యం అనలేం.

ఆ ప్రశ్నకు జవాబు లేక కాదు. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులొచ్చాయి. ఎక్కువ ఉత్తరప్రదేశ్‌వి. జనాభాలో వాటాకు మించి ముస్లిం పిల్లలు ఆ వ్యాధి బారిన పడ్డారు. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు తిరిగింది. ఆ పుకారు గాల్లోంచి ఊడిపడలేదు. 1976లో ఎమర్జెన్సీ బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఎదురు తిరిగితే ముజఫర్‌నగర్‌లో తుపాకులు పేలాయి. నైజీరియాలోని కానోలో 1996 మెదడువాపు మహమ్మారి వేళ ఒక అమెరికన్ మందుల కంపెనీ 200 మంది పిల్లల మీద ప్రయోగం చేసింది, 11 మంది చనిపోయారు. 2003లో అదే కానో పోలియో చుక్కల్ని ఆపేసింది. బిన్ లాడెన్ ఆచూకీ కోసం 2011లో అబొట్టాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ దొంగ టీకా కార్యక్రమం నడిపించింది. 2014లో ఇకమీదట అలా చేయబోమని వైట్‌హౌస్ మాట ఇవ్వాల్సి వచ్చింది. ఈలోగా పాకిస్తాన్‌లో చుక్కలు వేసే ఆడవాళ్లని కాల్చి చంపడం మొదలైంది.

ఈ చరిత్ర మొత్తం చెప్పాలి. మౌఢ్యం అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ల ముఖం మీద చెప్పాలి. కానీ నా వాళ్లతో ఇంకో మాట చెప్పాలి. ఈ చరిత్ర మన అనుమానానికి కారణం చెబుతుంది, మన బిడ్డ కాలు చచ్చుబడడానికి అనుమతి ఇవ్వదు. ప్రభుత్వం మీద కోపం తండ్రిది. జీవితాంతం నేల మీద పాకాల్సింది బిడ్డ. మా ఖౌమ్ పరువు అనే పేరుతో బిడ్డ సంతకం మనం పెడితే, ఖమ్మం హాస్టల్ వార్డెన్‌కీ మనకీ తేడా ఏముంది? అతను చేయించడానికి పెట్టాడు, మనం వద్దనడానికి పెడుతున్నాం. చుక్కలు వద్దని చెప్పిన ముల్లా ఎవరైనా ఉంటే అతన్ని మన బస్తీలో మనమే నిలదీయాలి.

మన సమాజం ఆ పని చేసింది కూడా. ఉత్తరప్రదేశ్‌లో మస్జిద్ మైకుల్లో ప్రకటనలు వచ్చాయి. జామియా మిల్లియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలు యునిసెఫ్‌తో కలిసి పనిచేశాయి. బురఖా వేసుకున్న ఆడవాళ్లు తమ గల్లీల్లోనే తలుపు తలుపూ తట్టారు. పిల్లకి జ్వరమొచ్చినా, నాలా పొంగినా తమను పట్టించుకోనివాళ్లు చుక్కలకు మాత్రమే ఎందుకొస్తున్నారని తల్లులు అడిగిన ప్రశ్న విని, సబ్బు, నీళ్లు, విరేచనాల మందు గురించి కూడా మాట్లాడారు. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసు చివరిది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. ముస్లింలు టీకాలు వద్దంటారని అడిగినవాళ్లు ముస్లిం స్త్రీలు పోలియోని ఎలా తరిమారని అడగలేదు. మా మేనకోడలు చివరికి రాసిచ్చిన నోటు ఈ ఆడవాళ్ల గురించే.

ఇంకో చేదు ప్రశ్న మిగిలింది. 2024 జూలైలో గాజా మురుగునీళ్లలో పోలియో వైరస్ దొరికింది. ఆగస్టులో పది నెలల బిడ్డకి వ్యాధి నిర్ధారణ అయింది, అక్కడ పాతికేళ్లలో మొదటి కేసు. సెప్టెంబరు 1 నుంచి విడతలు విడతలుగా కొన్ని గంటలపాటు దాడులు ఆపి దాదాపు 5 లక్షల 60 వేల మంది పిల్లలకు చుక్కలు వేశారు. తర్వాత బాంబులు మళ్లీ మొదలయ్యాయి. చుక్కల కోసం యుద్ధం ఆపగలిగినవాళ్లు పిల్లల కోసం ఆపలేరా? పోలియో సరిహద్దు దాటుతుంది, బాంబు దాటదు గనక ఈ తేడా అనే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? బాలల ఆరోగ్యం గురించి రాయండి గానీ రాజకీయం రాయొద్దు అని ఇంటర్న్‌లకు చెప్పే సంస్థలు ఈ ప్రశ్న ముందు నిలబడాలి. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పంచిన కరపత్రం రాజకీయం కాదా?

అందుకని మా పిల్లల్ని ఈ పని మానమని నేను చెప్పను. చేయండి. కానీ వకాల్తా మీకు ఎవరూ రాసివ్వలేదని గుర్తుంచుకోండి. అది అమానత్, ఇంకొకరి సొత్తు మీ దగ్గర దాచుకున్నారంతే. సనద్ చెప్పండి. అంకెని జల్లెడ పట్టండి, మనకి అనుకూలమైన అంకెని రెండుసార్లు పట్టండి. ముస్లిం గనక ముస్లింల గురించే రాయమంటే, మలేరియా గురించి రాసే హక్కు కూడా నాదేనని చెప్పండి. మన ఇంట్లో తప్పుంటే మన భాషలో, మన మస్జిద్ మెట్ల మీద ముందు మాట్లాడండి. ఆ తర్వాత ప్రపంచంతో మాట్లాడండి, గొంతు తగ్గించకుండా.