‘వద్దు’ అనగలిగిన మనిషి

గంగోత్రి నుంచి గోముఖ్ దారిలో పద్నాలుగు కిలోమీటర్లు నడిస్తే భోజ్‌బాసా. ఎత్తు దాదాపు 3,800 మీటర్లు. మా గైడు అక్కడే మమ్మల్ని ఆపేశాడు.

మా బావమరిదికి ముందురోజు సాయంత్రం నుంచీ తలనొప్పి. మాత్ర వేసుకుని, ఏమీ లేదంటూ నవ్వుతూనే ఉన్నాడు. పొద్దున్నే గైడు అతనికి టీ ఇచ్చి, మట్టిలో కర్రతో గీత గీసి, “భైజీ, మడమకి వేలు ఆనిస్తూ దీని మీద నడవండి” అన్నాడు. నాలుగో అడుగులోనే తూలాడు. అది ఎత్తు తెచ్చే జబ్బేనని గైడుకి తెలిసిపోయింది, ఇంకేమీ అడగలేదు. సంచులు సర్దమన్నాడు.

మేం చేరాలనుకున్న తపోవనం ఇంకొక్క రోజు నడక. అక్కడి పచ్చిక మీద నిలబడి 6,543 మీటర్ల శివలింగ్ శిఖరాన్ని ఎదురుగా చూడాలన్నది నా ఏళ్లనాటి కోరిక. “వాణ్ణి ఇక్కడ పడుకోబెట్టి మనిద్దరం వెళ్లొద్దాం, డబ్బు కట్టాం కదా” అన్నాను. ఆ మాట నేనే అన్నానని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది. అతను కోప్పడలేదు. “మిగతా రోజుల కూలి ఇవ్వకండి సాబ్” అని, మా వాడి సంచి కూడా తన భుజానికే వేసుకుని ముందు నడిచాడు. హర్సిల్ దాకా దిగేసరికి మా వాడి తల తేలికపడింది.

ఆ కూలి అతనికి చిన్న సంగతి కాదు. గంగోత్రి గుడి అక్షయ తృతీయకు తెరుస్తారు, దీపావళి వెళ్లగానే మూస్తారు. ఆ నడిమి ఆర్నెల్లే అతని సంపాదన.

నా ప్రాణం నాది, నా ఇష్టం నాది అంటామే, అక్కడ ఆ మాటకు అర్థమేమిటి? గాలి పలచబడ్డ చోట ఊపిరితో పాటు వివేకమూ సన్నగిల్లుతుంది. ప్రమాదంలో పడ్డవాడే బాగున్నానని గట్టిగా చెబుతాడు. అలాంటప్పుడు నా స్వేచ్ఛ ఎవరి దగ్గరుంది? మబ్బు పట్టిన నా బుర్రలోనా, నన్ను వెనక్కి తిప్పిన అతని మాటలోనా? కింద, తెలివిలో ఉండగా బతికి ఇంటికి రావాలనుకున్న నన్ను అతను గుర్తుపెట్టుకున్నాడు. నేనే మరిచిపోయాను. కాబట్టి అతను నా స్వేచ్ఛను లాక్కున్నాడని అనలేను. దాన్ని నాకోసం దాచిపెట్టాడు.

అయితే ‘వద్దు’ అనడానికి గుండె ఒక్కటే చాలదు. న్యూజిలాండ్ గైడు రాబ్ హాల్ 1995లో ఎవరెస్ట్ శిఖరానికి కాస్త కిందనే డగ్ హాన్సెన్ అనే అమెరికన్‌ను వెనక్కి తిప్పాడు. హాన్సెన్ తపాలా శాఖ ఉద్యోగి. మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు. ఈసారి తిరగవలసిన వేళ దాటిపోయినా హాల్ అతన్ని తిప్పలేకపోయాడు. దిగుతుంటే తుఫాను కమ్మింది. ఒంటరిగా దిగి ప్రాణం దక్కించుకునే దారి ఉన్నా హాల్ అతన్ని వదల్లేదు. ఇద్దరూ పోయారు. హాల్‌ది డబ్బాశ అని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ఒకసారి నిరాశపరిచిన మనిషిని రెండోసారి నిరాశపరచలేని జాలి కూడా అందులో ఉండి ఉంటుంది. జాలి కూడా మనిషిని చంపగలదా? చంపగలదనే అనుకుంటున్నాను.

హాల్ నాయకుడు, ‘వద్దు’ అనే హక్కు ఉన్నవాడు. ఆ హక్కే లేనివాళ్ల సంగతి? 1922 జూన్ 7న, కొత్త మంచు పడ్డ వాలు మీద, మాలరీ, సోమర్వెల్, క్రాఫర్డ్ అనే ముగ్గురు బ్రిటిష్ పర్వతారోహకులు పద్నాలుగు మంది కూలీలతో ఎవరెస్ట్ ఉత్తరపు కనుమకు ఎక్కుతున్నారు. మంచు విరిగిపడి ఏడుగురు పోయారు. ఏడుగురూ బరువులు మోసే కూలీలే. ఆ పొద్దున వాళ్లలో ఒక్కడు మంచును చూసి మనసులో జంకినా, ఆ జంకు చెప్పుకోవడానికి చోటెక్కడుంది? తమలో ఒక్కరు కూడా వాళ్లతో పాటు పోలేదేమని సోమర్వెల్ తరవాత కుమిలిపోయాడు. డాక్టరైన ఆయన తిరువాన్కూరులోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో చేరి, దశాబ్దాల పాటు మన దక్షిణాది పేదలకు వైద్యం చేశాడు.

దారి చూపినందుకే గైడుకి డబ్బిస్తున్నామనుకుంటాం. దారి ఇప్పుడు ఫోనులోనూ కనబడుతుంది. మనకు కావలసింది అతని నిర్ణయం. అందులో ‘పోదాం’ ఎంతో ‘వద్దు’ కూడా అంతే. కానీ శిఖరం చూపిస్తే బక్షీస్ ఇస్తాం, వెనక్కి తిప్పితే ముఖం ముడుచుకుంటాం. ఆ ముఖం చూసి, ఇంట్లో పొయ్యిని తలచుకుని, ఎందరు గైడులు నోటి దాకా వచ్చిన ‘వద్దు’ను మింగేసి ఉంటారో!

మీరు ఈ ఏడాది హిమాలయాలకు వెళ్తుంటే ఒక్క పని చెయ్యండి. నడక మొదలయ్యే పొద్దునే, అందరూ వింటుండగా, మీ గైడుతో చెప్పండి: “ఎక్కడ తిప్పినా తిరుగుతాం, పూర్తి డబ్బు ఇస్తాం” అని.