ఫలితాల రోజున ఇళ్లకు వెళ్లమ్మా

అమ్మాయ్,

మైపాడు హైస్కూల్లో పదో తరగతికి నిన్ను క్లాస్ టీచర్‌గా వేశారని మీ నాన్న చెప్పాడు. పాఠం ఎలా చెప్పాలో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. పిల్లల మనసు సంగతి మాత్రం, ఈ తీరంలో ఇన్నేళ్లు బడి నడిపిన పెదనాన్నగా చెప్పాలనిపించింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకెక్కుతాయి. చేప గుడ్డు పెట్టే కాలం, నిషేధం ఉండాల్సిందే. కానీ పరీక్షా ఫలితాలు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న, పదో తరగతివి 23న వచ్చాయి. ఆ వెంటనే బడికి వేసవి సెలవులు. పాలెంలో ఒక ఇంటిని తలుచుకో. వేట లేదు, రాబడి లేదు. ప్రభుత్వం ఇచ్చే భృతిని ఆ ఏడు పదివేల నుంచి ఇరవై వేలకు పెంచారు, మంచిదే. అయినా అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడితే అది ఏ మూలకొస్తుంది? తండ్రి రోజంతా ఇంట్లోనే, చిరాగ్గా ఉంటాడు. సరిగ్గా ఆ పూటే పిల్లాడి మార్కులు ఫోన్‌లో కనబడతాయి. వాడు పరిగెత్తుకుని రావడానికి బడి తెరిచి ఉండదు, నువ్వూ ఉండవు.

అందుకే తల్లీ, నీ అసలు పని సెలవుల్లోనే మొదలవుతుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఆ ఫలితాల్లో తెలుగులో సున్నా వచ్చిందన్న ఒకమ్మాయికి, పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి. ఈ సంగతి నీ క్లాసులో పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు పరీక్షలకు ముందే చెప్పు. రీవెరిఫికేషన్ ఉంటుందని, సప్లిమెంటరీ రాస్తే ఏడాది పోదని కూడా అప్పుడే చెప్పు. గుండె పగిలాక చెబితే చెవికెక్కదు.

విశాఖలో నీట్ కోచింగ్‌కు వెళ్లిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. పరీక్షల వేళ కొద్దికొద్దిమంది పిల్లలకు ఒక పెద్దదిక్కును అప్పగించాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. మీ బడికి కౌన్సెలర్ కావాలని హెడ్మాస్టరు గారితో అడిగించు, వదలకు. వచ్చేదాకా ఆ పెద్దదిక్కు నువ్వే.

పెద్దదిక్కు అంటే ముందు చూపు ఉండాలి. మొదటి పీరియడ్‌లో తూగే పిల్లాడు తెల్లవారుజామున వల లాగి వచ్చి ఉండొచ్చు, వాడికి కావాల్సింది నిద్ర. రాత్రంతా కళ్లు తెరుచుకుని దిగులుతో పడుకున్నవాడూ అలాగే తూగుతాడు. ఇద్దర్నీ ఒకే తిట్టు తిడితే ఆ తేడా నీకు ఎన్నటికీ తెలియదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డంటే ప్రాణం పెట్టేవాడు దాన్ని చెల్లెలి పళ్లెంలో వేస్తే ముచ్చటపడు. వారమంతా అలాగే వేస్తుంటే మాత్రం వెళ్లి పక్కన కూర్చో. ఇష్టంగా దాచుకున్న వస్తువులు స్నేహితులకు పంచేస్తుంటే ఆ పూటే మాట్లాడు.

మాట్లాడేటప్పుడు భయపడకు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అంటుంటారు, అది నిజం కాదు. తనను ఒకరు కనిపెట్టారని ఆ బిడ్డకు ఊపిరాడుతుంది. అవునని తలూపితే వాణ్ణి ఒంటరిగా వదిలి రావద్దు. ఎవరికీ చెప్పనని మాటివ్వొద్దు. నీ ఎదుటే 14416కు ఫోన్ చేయించు. టెలీ మానస్ అది, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. తర్వాత ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని నెల్లూరు పెద్దాసుపత్రికి. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని తల్లి జంకితే, జ్వరమొస్తే వెళ్లమా అని నెమ్మదిగా చెప్పు. కసురుకోకు, ఆమెకూ అది కొత్తే.

తండ్రుల్నీ వదలకు. మన బడి సమావేశాలకు తల్లులే వస్తారు. నిషేధం మొదలయ్యాక తండ్రులు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ దొరుకుతారు. అక్కడికే వెళ్లు. "అన్నా, మార్కులు ఎన్నొచ్చినా ఆ రోజు ఒక్క మాట అనొద్దు, అన్నం మాత్రం కలిసి తినండి" అని అడుగు. చేతులు పట్టుకుని అడిగినా తప్పులేదు.

ఫలితాలు వచ్చే రోజు పొద్దున్నే పరీక్ష తప్పుతారనుకున్న పిల్లల పేర్లు, ఇళ్ల గుర్తులు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకో. బాగా చదివే పిల్లల్ని కూడా అందులో రాయి. 580 వస్తాయనుకుని 540 దగ్గర ఆగిపోయిన బిడ్డను ఎవరూ ఓదార్చరు, అందరూ అభినందిస్తారు, ఆ బిడ్డ ఏడవడానికి చోటుండదు. ఆ రోజుకి నేనూ బస్సెక్కి వస్తాను. పాలెంలో ఇళ్లు నువ్వు చూసుకో, రొయ్యల గుంటల వైపు ఇళ్లకు నేను వెళ్తాను. కాగితం రెండు కాపీలు రాయి.