తాతగారి ఆస్తి

మన సంప్రదాయములో తాతగారి ఆస్తి యనగానే యామునాచార్యులవారి కథ తలపునకు వచ్చును. నాథమునులు వీరనారాయణపురవాసులు. మరుగున పడిపోయిన దివ్యప్రబంధమును నమ్మాళ్వారుల అనుగ్రహముచే మరల సంపాదించి లోకమునకిచ్చిన మహనీయులు. ఇంతటి యోగీశ్వరులయ్యును వారు సంసారులు. ఈశ్వరముని వారి కుమారుడు. ఆ కుమారునకు పుట్టబోవు బిడ్డకు యామునుడని పేరుంచవలెనని వారు కోరిరి. ఆ బిడ్డకు తామై ఉపదేశించు భాగ్యము లేదని యెరిగి, తమ జ్ఞానధనమును శిష్యుడైన పుండరీకాక్షునివద్ద ఉంచిరి. ఆయన దానిని తన శిష్యుడైన రామమిశ్రునకు అప్పగించెను.

ఇక మనుమడో, పసితనముననే రాజాస్థాన పండితుని వాదమున గెలిచి అర్ధరాజ్యము సంపాదించి భోగములలో నుండెను. రాజద్వారము దాటి లోనికి పోవుట రామమిశ్రునకు సాధ్యము కాలేదు. ఆ వృద్ధుడు వంటశాలకు ప్రతిదినము ఒక ఆకుకూర తెచ్చి యిచ్చుచు నెలల తరబడి కాచుకొనెను. తరువాత హఠాత్తుగా మానివేసెను. కూర ఏమైనదని రాజు అడుగగా, తెచ్చువాని సంగతి బయటపడెను. పిలిపించి ఏమి కావలెనని అడిగినప్పుడు రామమిశ్రుడు తనకేమియు అక్కరలేదనియు, తాతగారి సొమ్ము తనయొద్ద నున్నదనియు, దానిని అప్పగించి పోవుటకై వచ్చితిననియు చెప్పెను. పిదప గీతార్థము ఉపదేశించి, శ్రీరంగమునకు తోడ్కొని పోయి, శేషశయనుడైన రంగనాథుని చూపి, ఇదియే నీ తాతగారి నిధి యనెను. యామునులు మరల రాజ్యమునకు పోలేదు.

ఆ యామునులే స్తోత్రరత్నమును రచించిరి. అందులో చివరి శ్లోకమున వారు చేసిన విన్నపము వింతయైనది. తన నడవడిని లెక్కింపక, తాత నాథమునిని చూచి తన్ను అనుగ్రహింపుమని స్వామిని వేడుకొనిరి. సర్వమును విడిచిన సన్న్యాసి, ప్రపత్తి చేయుచు, కడపట పట్టుకొన్నది తాతగారి చేయి! పాఠశాలలో పన్నెండవ యేట ఈ స్తోత్రమును వల్లించితిని. అన్వయము, ప్రతిపదార్థము, అలంకారము అన్నియు నాకు తెలియును. ఆ చివరి శ్లోకము మాత్రము నాకు తార్నాకలో ఒక చిన్న యింటిలో, చాల ఆలస్యముగా అర్థమైనది.

సికింద్రాబాదు వైపునుండి ఉప్పలు వైపు పోవు దారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు అంచున నున్నది తార్నాక. తార్ అనగా తీగ, నాకా అనగా తనిఖీ చేయు చోటు. ఒకప్పుడు ఇచట తీగకంచెతో కాపలాచోటు ఉండెడిదని పెద్దలు చెప్పుదురు. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయమున తొలినాళ్ళలో బోధనభాష ఉర్దూ. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతిభవనమును చూడనివారు భాగ్యనగరమున అరుదు. 1954లో ఆ ప్రాంగణముననే సంస్కృత అకాడమీ వెలసెను. ఇంత విద్య గల చోట, ఏ పట్టమును లేని ఒక గృహస్థుని గూర్చి నేను వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. వారి పేరు వ్రాయను. అది వారికి ఇష్టమైన పని కాదు.

నేను 1984లో తార్నాకలో అద్దెకు దిగినప్పుడు వారు ప్రక్కవాటాలో ఉండిరి. వరుస లేకున్నను బాబాయిగారూ, పిన్నిగారూ అని పిలుచుట అలవాటైనది. వారు 1955లో విశ్వవిద్యాలయ కార్యాలయమున గుమాస్తాగా చేరి, పాత దస్త్రములు చదువుటకై ఉర్దూ నేర్చి, 1991లో ఉద్యోగ విరమణ చేసిరి. ఇద్దరు సంతానము. ఏడాదికొకసారి దంపతులిద్దరును తిరుమలకు పోయి వచ్చెడివారు. వచ్చిన మరునాడు వీధివారందరికి ప్రసాదము పంచుటలో పిన్నిగారిది పెద్ద చేయి. లడ్డూలు చాలక పోయినచో బాబాయిగారి వాటా పోయెడిది.

మనుమడు పుట్టిన తరువాత, వాడు నడువ నేర్చినది మొదలు, ప్రతి యుదయము వాని వ్రేలు పట్టుకొని విశ్వవిద్యాలయపు వేపచెట్ల దారిలో ఆర్ట్స్ కళాశాలవరకు నడిపించెడివారు. ఆ మెట్లమీద కూర్చుండబెట్టి విష్ణుసహస్రనామము రోజునకు ఒక్క శ్లోకము చెప్పించెడివారు. ఉచ్చారణ నాకు నచ్చెడిది కాదు. ఒకటి రెండుసార్లు దిద్దితిని కూడ. వారు కోపగింపక, "మీరు దిద్దండి ఆచార్యులుగారూ, మేము పలుకుతాం" అనెడివారు.

2003లో పిన్నిగారికి పక్షవాతము వచ్చి కుడిభాగమంతయు పడిపోయినది. మాట పోయినది. మింగుట కష్టమైనది. తిరుమల యాత్ర ఆగిపోయినది. కుమారుడు, కోడలు మంచివారే, ఇరువురును ఉద్యోగస్థులు. సేవాభారమంతయు డెబ్బదియేండ్ల బాబాయిగారు మీద వేసికొనిరి. ఆర్ట్స్ కళాశాలకు నడకయు నిలిచిపోయినది.

2006లో కాబోలు, మేము కొందరము తిరుమలకు బయలుదేరుచు వారినికూడ రమ్మని పిలిచితిమి. రెండు దినములు కోడలు చూచుకొనునని నేనే ఏర్పాటు చేసితిని. వారు రానన్నారు. "నీళ్ళు త్రాగించేటప్పుడు గొంతుమీద వ్రేలు పెట్టి, గుటక దిగిందో లేదో చూడాలి. దిగకుండా రెండో చెంచా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందిట. ఆ గుటక నా వ్రేలికి తెలుసు" అనిరి. అప్పుడు నేనేమి చేసితినో వ్రాయుటకు సిగ్గగుచున్నది. మమకారము ఎంతటి బంధమో వారికి బోధింపబూనితిని. భాగవతములోని జడభరతుని కథ ఎత్తుకొంటిని. రాజ్యమును విడిచిన భరతుడు లేడిపిల్లపై మమత పెంచుకొని మరుజన్మమున లేడియై పుట్టెనని, అంత్యకాలమున మనస్సు దేనియందుండునో దానినే జీవుడు పొందునని, చక్కని దృష్టాంతములతో అరగంట చెప్పితిని. వారు చేతులు కట్టుకొని శ్రద్ధగా వినిరి. నడుమ గోడ గడియారము చూచి, "క్షమించండి, రెండు గంటలైంది. ప్రక్క తిప్పాలి" అని లేచి లోనికి పోయిరి. మరల రాలేదు. నేను కొంతసేపు కూర్చుండి లేచి వచ్చితిని.

మహాభారతము అరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుని కథ పాఠకులు ఎరుగుదురు. చెట్టుమీది కొంగ రెట్ట వేయగా ఆయన కోపముతో చూచెను, కొంగ కూలెను. తరువాత భిక్షకై ఒక యింటికి పోగా, ఆ యిల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు వడ్డించి ఆలస్యముగా వచ్చెను. కోపించిన ఆయనతో ఆమె తాను కొంగను కానని చెప్పి, ధర్మము తెలియగోరినచో మిథిలలోని ధర్మవ్యాధునివద్దకు పొమ్మనెను. ఈ కథను ప్రవచనములలో నేను ఎన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. కొంగ కూలుటయు, ఇల్లాలి మాటయు చెప్పునప్పుడు సభవారు ఆనందింతురు. కథ చివర నున్న సంగతిని మాత్రము, మాలో పెక్కురు త్వరగా దాటిపోదుము. మాంసము అమ్ముకొను ధర్మవ్యాధుడు ఆ వేదవేత్తను లోనికి తీసికొనిపోయి, వృద్ధులైన తన తల్లిదండ్రులను చూపి, వీరే నా దేవతలని చెప్పెను. అంతటితో విడువలేదు. నీవు తల్లిదండ్రుల అనుమతి లేక వేదాధ్యయనమునకై ఇల్లు విడిచి వచ్చితివి, వారు నీకై ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకొనిరి, పోయి వారికి సేవ చేయుమని పంపెను. కథకు కీలకమిది.

2009 చివర మా తండ్రిగారు స్వగ్రామమున మంచము పట్టిరి. తమ్ముడు కబురు చేసెను. నేను ఒక ఊరిలో భాగవత సప్తాహమునకు ఒప్పుకొని యుంటిని. నాలుగు దినములు మిగిలినవి. భగవత్కథను నడుమ విడువరాదని సమాధానము చెప్పుకొంటిని. నేను పంచమస్కంధములో జడభరతోపాఖ్యానము చెప్పుచున్న సాయంకాలము తండ్రిగారు పోయిరి. శాస్త్రములో నాకు కావలసినంత ఆధారము దొరకెను. శాస్త్రములో ఎవరికి కావలసినది వారికి దొరకును.

కర్మ ముగించుకొని తార్నాకకు వచ్చునప్పటికి విశ్వవిద్యాలయమున తెలంగాణ ఉద్యమము తీవ్రముగా నుండెను. ఒక మధ్యాహ్నము బాష్పవాయువు వాసన మా వీధివరకు వచ్చినది. పిన్నిగారికి ఊపిరాడుట లేదని విని నేనును పోయితిని. బాబాయిగారును మనుమడును తడిబట్టలు కిటికీలకు కట్టుచుండిరి. మంచమును వెనుకగదిలోనికి చేర్చునప్పుడు నేనొక కోడు పట్టుకొంటిని. ఆమెను ప్రక్కకు తిప్పుచు బాబాయిగారు ఏదో నామమును మెల్లగా పలికిరి. పలికి, తలాపున నున్న పొడవు నోటుపుస్తకములో ఏదో వ్రాసికొనిరి. మందుల లెక్క యనుకొంటిని. నన్ను చూచి తండ్రిగారి సంగతి అడిగిరి. చెప్పితిని. ఏమియు అనలేదు. మజ్జిగ తెప్పించి యిచ్చిరి.

భగవద్రామానుజులు ఈ చరాచరమంతయు పరమాత్మకు శరీరమని సిద్ధాంతము చేసిరి. శరీరమునకు చేసిన సేవ శరీరికే చెందును గదా. ఈ వాక్యమును నేను ముప్పదియేండ్లు బోధించితిని. భార్యను స్వామి సొమ్ముగా చూచి సేవించుట మమకారమెట్లగును? నాది యనుకొనుట మమకారము. స్వామిది, నాచేతికి అప్పగింపబడినది అనుకొన్నచో అదియే కైంకర్యము. భరతుడు లేడిపిల్లవలన పూజను మరచెను. బాబాయిగారు దేనిని మరచిరో నేను విచారింపలేదు.

రాత్రులయందు వారు ఆమెకు రామాయణము చదివి వినిపించెడివారు. ఉస్మానియాలో సంస్కృతాచార్యులుగా నుండిన పుల్లెల శ్రీరామచంద్రుడుగారు (1927–2015) వ్రాసిన తెలుగు వ్యాఖ్య వారికి ప్రీతి. సీత కనబడక రాముడు చెట్టు చెట్టును అడిగిన ఘట్టము వచ్చినప్పుడు పిన్నిగారి ఎడమకన్ను నుండి నీరు కారెడిదట. అందుచే ఆ ఘట్టమును పగటిపూట మాత్రమే చదివెడివారట. రాత్రి ఏడ్చినచో ముక్కు పట్టి నిద్ర ఉండదని.

పదునొకండేండ్లు ఇట్లు గడిచినవి. 2014లో ఆమె పరమపదించెను. ఆమె వీపున ఒక్క పుండును లేకుండుట చూచి వైద్యుడు ఆశ్చర్యపడెను. బాబాయిగారు మరి యెనిమిదేండ్లు జీవించి, 2022 మార్గశిరమున తనువు చాలించిరి. అప్పటికి మనుమడు విదేశమున ఉద్యోగమునందుండెను, అంత్యక్రియలకు అందలేకపోయెను.

మరుసటి యేడు సాంవత్సరికమునకు వచ్చెను. తండ్రి, తాత, ముత్తాతలను వసురుద్రాదిత్య స్వరూపులుగా పిలిచి పిండములిచ్చుట ముగిసినది. భోజనానంతరము కుమారుడు ఇంటి కాగితములు చూచుకొనుచుండగా, మనుమడు అటకమీది రేకుపెట్టె దింపెను. అందులో పొడవు నోటుపుస్తకములు. తెరచి చూచి నాకు చూపెను. ప్రతి పుటయందును గీతలు గీసి గడులు: వేళ, ఎడమ, కుడి, నీళ్ళు ఎన్ని చెంచాలు. చివరి గడిలో సహస్రనామములోని ఒక నామము. ఒక్కొక్కమారు ప్రక్క తిప్పినప్పుడు ఒక్కొక్క నామము, వరుసగా. వేయి పూర్తియైనప్పుడు క్రింద గీత, మరల మొదటి నామము. రాత్రివేళల కొన్ని చోట్ల కొడుకు వ్రాత, కోడలి వ్రాత. 2005లో ఒక ఆదివారము నాటి పుటలో నాలుగు గడులు వంకర అక్షరములతో నున్నవి. నామమునకు దీర్ఘము తప్పినది. "ఇది నా వ్రాతే" అని మనుమడు అక్కడ వ్రేలు పెట్టి చాలసేపు తీయలేదు. తప్పును తాతగారు దిద్దలేదు.

2014 తరువాతి పుస్తకములలో వేళ లేదు, ఎడమ కుడి లేవు. దినమునకొక నామము మాత్రము కొనసాగినది.

అప్పుడు నాకు యామునుల చివరి శ్లోకము నోటికి వచ్చినది, పైకి అనలేదు. నాకును మనుమలు కలరు. నన్ను చూచి తమ్ము అనుగ్రహింపుమని వారు స్వామిని అడుగవలసి వచ్చినచో, నా ప్రవచనముల పట్టికయు శాలువలును తప్ప చూపుటకు ఏమున్నది? ఈ ప్రశ్న నన్ను ఇంకను విడువలేదు.

ఆ సాయంకాలము ఆర్ట్స్ కళాశాలవరకు రమ్మని మనుమడు నన్ను పిలిచెను. నోటుపుస్తకములలో ఒకదానిని సంచిలో వేసికొని వచ్చెను. మెట్రో వంతెన క్రింది రద్దీ దాటి, విశ్వవిద్యాలయపు దారిలో మెల్లగా నడిచితిమి. తాను కూర్చుండిన మెట్టును అతడు తానే గుర్తుపట్టెను. కూర్చుండి మొదటినుండి చెప్పసాగెను. పది పదునైదు శ్లోకములు తడబాటు లేక నడచినవి. తరువాత ఒకచోట ఆగిపోయెను. తరువాతి పాదము నా నాలుక చివర నున్నది. అందింపబోయి, ఊరకుంటిని. అతడు కనులు మూసికొని, కుడిచేతి వ్రేలితో మోకాలిమీద మెల్లగా తట్టుకొనుచు ఒక నిమిషము వెదకి, అందుకొని ముందుకు సాగెను.