ఉద్వాసన

‘కల్కి 2898 ఏడీ’ (2024) చూసినవాళ్లకు సుమతి గుర్తుండే ఉంటుంది. పుట్టబోయే కల్కిని కడుపులో మోస్తున్న తల్లి. ఆ పాత్ర వేసింది దీపికా పదుకోన్. రెండో భాగంలో ఆమె ఉండదని 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ ప్రకటించింది. అందులో ఎవరి తప్పెంత అనే లెక్క నాకొద్దు, బయటివాళ్లం మనం తేల్చగలిగేదీ కాదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. కథలో బిడ్డ అదే, కడుపు అదే. తల్లి ముఖం మాత్రం మారుతుంది. అప్పుడు ఆమె సుమతేనా?

“ముఖం మారితే మనిషి మారినట్టే. సినిమా అంటేనే క్లోజప్ కదా” అన్నాడొక మిత్రుడు. కొట్టిపారేసే మాట కాదిది. ఏళ్ల తరబడి నడిచే ఫాంటసీ సిరీస్‌లో మనం ప్రేమ పెంచుకునేది కథాసారాంశం మీద కాదు, ఒక ముఖం మీద, ఒక గొంతు మీద. హ్యారీ పోటర్ సినిమాలు 2001 నుంచి 2011 దాకా ఎనిమిది వచ్చాయి. ఆ పిల్లలతో పాటే మా తరమూ పెరిగింది. మొదటి రెండిట్లో డంబుల్‌డోర్‌గా చేసిన రిచర్డ్ హ్యారిస్ 2002లో చనిపోయాడు. మూడో సినిమా నుంచి మైకేల్ గాంబన్ వచ్చాడు. గడ్డం అదే, టోపీ అదే, మనిషి వేరు. ఈయన డంబుల్‌డోర్ కాదని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

కానీ ఈ ప్రశ్నకు తెలుగువాళ్ల దగ్గర సినిమా కంటే పాత జవాబు ఒకటుంది. పద్యనాటకాల్లో, ఒకే రాత్రి, ఒకే నాటకంలో కృష్ణుడి వేషం ఇద్దరు ముగ్గురు వేసేవాళ్లు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. పడక సీనులో ఒకాయన, రాయబారం సీనులో ఇంకొకాయన. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి లాంటి కృష్ణులకు ఎవరి అభిమానులు వాళ్లకుండేవారు. ఇందాక పొడుగ్గా ఉన్న కృష్ణుడు ఇప్పుడు పొట్టిగా అయ్యాడేంటని ఎవరూ గొడవ చేసేవారు కాదు. వాళ్లు పోల్చింది ముఖాన్ని కాదు, పద్యాన్ని ఎత్తుకున్న తీరుని. కిరీటం, పింఛం, పిల్లనగ్రోవి పాత్రవి. రాగం ఎంతసేపు తీయాలన్నది నటుడిది. ఆ తేడా జనానికి తెలుసు.

సినిమాలోనూ ఈ తెలివి కొన్నాళ్లు బతికింది. ‘మాయాబజార్’ (1957)లో మాయా శశిరేఖను గుర్తు చేసుకోండి. కథ ప్రకారం ఆమె శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఎస్వీ రంగారావు వేస్తున్న పాత్రను కాసేపు సావిత్రి వేస్తుంది. భుజాలు ఎగరేయడంలో, నడకలో, పెళ్లిపీటల మీద రేలంగిని హడలగొట్టడంలో మనకు కనిపించేది రంగారావు ఘటోత్కచుడే. ముఖం సావిత్రిదే అయినా క్షణం కూడా అనుమానం రాదు. నటుణ్ని మార్చడం ఎలాగో ఆ సినిమా కథలోనే చేసి చూపించింది.

మరి “కృష్ణుడంటే ఎన్టీఆరే” అని ఎప్పుడు స్థిరపడ్డాం? 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ బృహన్నల, కృష్ణుడేమో కాంతారావు. అప్పటికి మాయాబజార్ వచ్చి ఆరేళ్లు. అయినా జనం ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్నారు. 1977 ‘దానవీరశూరకర్ణ’కు వచ్చేసరికి కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఎన్టీఆరే. నాటకంలో ఒక పాత్రకు ముగ్గురు మనుషులు, ఇక్కడ ఒక మనిషికి మూడు పాత్రలు. ఆ సినిమా నాకూ ఇష్టమే. కానీ ఇరవయ్యేళ్లలో ఏదో తిరగబడింది. పాత్ర నటుణ్ని ఎక్కించుకోవడం పోయి, నటుడే పాత్రల్ని ఎక్కించుకోవడం మొదలైంది.

ఇక్కడ నాకు దారి చూపించింది అఫ్జల్‌గంజ్. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కోసం నేను అటు తరచూ వెళ్తుంటాను. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో ఇప్పుడున్న భవనంలోకి మారింది. పేరు మారినా పాత చదువరులు ఇంకా ఆసఫియా అనే అంటారు. వినాయక నిమజ్జనం రోజు మాత్రం అఫ్జల్‌గంజ్‌లో పుస్తకాల ఊసు ఉండదు. బాలాపూర్ గణేశుడి ఊరేగింపు చార్మినార్ దాటి, మూసీ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా మొజంజాహీ మార్కెట్ వైపు, అక్కణ్నుంచి హుస్సేన్‌సాగర్‌కు పోతుంది. ఎంతో ఖర్చుతో చేయించిన రూపం, అన్ని రోజులు పూజలందుకున్న ముఖం. దాన్ని నీళ్లలో కలపడానికే ఇంత ఊరేగింపు. వచ్చే ఏడు ఇంకో శిల్పి చేతిలో ఇంకో ముఖం. దేవుడు మాత్రం అతనే.

ఆవాహన చేసినదానికి ఉద్వాసన చెప్పాలి. అది పూజలో భాగం. ఉద్వాసన లేకపోతే పూజ పూర్తి కాదు. విచిత్రమేంటంటే, ఇదే మాటను మనం ఉద్యోగం ఊడబీకడానికీ వాడతాం. “మంత్రికి ఉద్వాసన” అని పేపర్లో వస్తే ఆయన్ని తీసేశారని అర్థం. ఒక మాట, రెండు రకాల పంపకం. మర్యాద చేసి, మళ్లీ రమ్మని సాగనంపడం ఒకటి. మెడపట్టి గెంటడం రెండోది.

నటుల్ని మార్చడంలోని నైతిక చిక్కంతా నాకు ఈ మాటలోనే కనిపిస్తుంది. “ఎవరు పోయినా పని ఆగదు” అనే వాక్యం మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినేదే. రాజీనామా చేసినవాడు నోటీస్ పీరియడ్‌లో కేటీ ఇచ్చి వెళ్తాడు, కోడ్ నడుస్తూనే ఉంటుంది. అదే వాక్యం మేనేజర్ అంటే బెదిరింపు, వెళ్లేవాడు అంటే విడుదల. అలాగే “పాత్ర పెద్దది, నటుడు కాదు” అన్న మాట నిర్మాత నోట ఒకలా ఉంటుంది, అలసిపోయిన నటి నోట ఇంకోలా ఉంటుంది. అందుకే పాత్ర చేతులు మారొచ్చు అన్నంత మాత్రాన నా వాదన పూర్తి కాదు. వెళ్లే మనిషిని ఎలా పంపారు, వచ్చే మనిషిని ఎలా రానిచ్చారు అన్నవి కూడా చూడాలి.

ఇప్పుడు మూడో దారి ఒకటి వచ్చింది. అసలు ఎవరినీ పంపకుండా ఉండటం. 1996లో పోయిన ఎన్టీఆర్‌ని 2007లో ‘యమదొంగ’ గ్రాఫిక్స్‌తో తెర మీదికి తెచ్చింది, మనవడి పక్కన నిలబెట్టింది. అది కాసేపటి నమస్కారం, థియేటర్లో ఈలలు పడ్డాయి, బాగానే ఉంది. 2016 స్టార్ వార్స్ సినిమా ‘రోగ్ వన్’ ఇంకో మెట్టు ఎక్కింది. 1994లో చనిపోయిన పీటర్ కుషింగ్ పాత్రను గై హెన్రీ అనే నటుడు వేశాడు. ఆయన ముఖం మీద కుషింగ్ ముఖాన్ని కంప్యూటర్లో తొడిగారు. అంటే రెండో కృష్ణుడు వచ్చాడు, పద్యం పాడాడు, కానీ ఒకటో కృష్ణుడి ముఖం తగిలించుకుని పాడాడు.

అనుమతి ఉంటే తప్పేంటి అని అడగొచ్చు. డార్త్ వేడర్ గొంతును ఏఐతో పుట్టించుకోవడానికి జేమ్స్ ఎర్ల్ జోన్స్ బతికుండగానే ఒప్పుకున్నాడు. ఆయన విషయంలో అన్యాయం జరిగిందని నేననను. కానీ అనుమతి ఆయన ఒక్కడికి సంబంధించింది. ఆ పాత్ర కోసం ఇరవయ్యేళ్ల తర్వాత గొంతు సవరించుకునే కుర్రాడి సంగతి? వాడి తరఫున ఎవరు సంతకం పెట్టారు? ముఖాన్ని శాశ్వతం చేస్తే పోయినవాడికి వెళ్లే వీలు ఉండదు, వచ్చేవాడికి చోటు ఉండదు. విశ్వాసంలా కనిపించేది నిజానికి ఆస్తి కాపాడుకోవడం.

పాత్రనే సాగనంపడం ఇంకో పద్ధతి. 2020లో చాడ్విక్ బోస్‌మన్ చనిపోయాక టి’చల్లా పాత్రకు మార్వెల్ వేరే నటుణ్ని తీసుకోలేదు. 2022 సినిమాలో ఆ పాత్ర కూడా చనిపోయింది, కథ దుఃఖంతోనే మొదలైంది. గాంబన్‌ని తేవడానికి ఇది పూర్తి వ్యతిరేకం. అయినా రెండూ నాకు నిజాయితీగానే అనిపిస్తాయి. ఎందుకంటే మనిషి పోయాడన్న సంగతిని రెండూ దాచలేదు.

కల్కి సినిమాలోనే నాకు బాగా నచ్చిన నిర్ణయం ఒకటుంది. కృష్ణుడు కనిపిస్తాడు గానీ ముఖం చీకట్లో ఉంటుంది. ఆ చీకట్లో ఎన్టీఆర్‌ని ఊహించుకునేవాళ్లు ఊహించుకుంటారు, కాంతారావుని తలుచుకునేవాళ్లు తలుచుకుంటారు, రేపటి పిల్లలు ఇంకెవరినో పెట్టుకుంటారు. దేవుడి విషయంలో ఆ వీలు దొరికింది. సుమతి మనిషి, ఆమెకు ముఖం తప్పదు.

ఆ వచ్చే నటి ఎవరైనా సరే, తన ముఖంతో, తన నడకతో రావాలని నా కోరిక. దీపిక చేసిన సుమతి మొదటి భాగంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని ఎవరూ తుడిచేయలేరు. కొత్తావిడ తెర మీదికొచ్చిన మొదటి నిమిషంలోనే ఫోన్లు తీసి పోలికలు మొదలుపెట్టకుండా, పది నిమిషాలు ఓపిక పడదాం. ఒకటో కృష్ణుడు లోపలికెళ్లాక, రెండో కృష్ణుడు పద్యం ఎత్తుకునేదాకా మన తాతలు ఆ మాత్రం ఆగేవాళ్లు.